పాత వెర్షన్‌కు చివరి అతుకు

వ్లస్తిమిల్ బూట్లు విప్పి, బల్ల కింద నడుస్తున్న పాత కంప్యూటర్ పెట్టె మీంచి గళ్ల చెప్పులు తీసి తొడుక్కున్నాడు. బ్ర్నో నగరంలోని ఆ ఆఫీసులో అందరికీ ఇంటి చెప్పులున్నాయి. పెట్టె మీద వెచ్చబెట్టుకునేది అతనొక్కడే.

కంప్యూటర్‌ను లోపలి నుంచి నడిపించే కెర్నల్‌లో ఎవరైనా తప్పు దిద్దితే, ఆ దిద్దుబాటు కొత్త వెర్షన్‌కే రాసి ఉంటుంది. దాన్ని ఆరేళ్ల కిందటి వెర్షన్‌కు సరిపోయేలా అతకడం అతని పని. దిద్దుబాటు రాసినవాడి పేరు పైన ఉంటుంది. అతికినవాడి పేరు అడుగున, ఎవరూ చదవని చోట. అతని తండ్రి ట్రాక్టర్లు మరమ్మతు చేసేవాడు. కొత్త ట్రాక్టరు తయారుచేయాలని ఆయనకు ఎన్నడూ అనిపించలేదు. కొత్త ప్రోగ్రాము రాయాలని కొడుక్కూ అనిపించలేదు.

పాత వెర్షన్ ఇంకా నీటి పంపుల్లో, సిగ్నళ్లలో నడుస్తోంది. ఈ సాయంత్రం దాని చివరి విడుదల. ఇందులో తప్పు దొర్లితే దిద్దడానికి మరో విడుదల ఉండదు.

"మీ ముసలాయనకు ఇంకా వైద్యమేనా?" ఎదురు బల్ల నుంచి రద్కా అడిగింది. ఆమె కొత్త వెర్షన్ చూస్తుంది, పాతదాన్ని ముసలాయన అంటుంది. "రేపు పోయేవాడికి ఇవాళ చొక్కా కుట్టిస్తున్నారు."

"పోయేది మనకేనమ్మాయ్. వాడుకునేవాళ్ల దగ్గర ఇంకో పదేళ్లు బతుకుతాడు."

"ఆఖరి దిద్దుబాటూ అతుక్కుందిగా. పంపించెయ్యండి."

"అతుక్కుంది. ఒక్క గొణుగుడు లేకుండా అతుక్కుంది. అదే నచ్చట్లేదు."

రొట్టెకు పంది కొవ్వు రాసి, ఉల్లిపాయ ముక్కలు పెట్టుకుని తింటూ పాత కోడ్ చదివాడు. కొత్త వెర్షన్‌లో పని ముగిశాక, వాడుకున్న మెమరీని ఎవరూ తిరిగి వదలడం లేదు, దిద్దుబాటు దాన్ని వదిలిస్తుంది. పాతదాంట్లో, పని అప్పజెప్పిన భాగమే దాన్ని వదిలేస్తోంది. ఇప్పుడు రెండుసార్లు వదిలినట్టవుతుంది. బల్ల కింది పెట్టెలో నడిపి చూశాడు. ఆగిపోయింది.

"చచ్చిందా?" అంది రద్కా.

"ఇక్కడే చచ్చింది. నయం."

రద్కా కుర్చీ లాక్కుని వచ్చి పక్కన కూర్చుంది. పని మధ్యలో ఆగిపోయే ఒక్క దారిలో మాత్రం పాతదీ మెమరీని వదలడం లేదు. ఆ దారికి కావలసిన కోడ్ వరసలు ఉంచి మిగతావి తీసేశాడు. ఏం మార్చాడో, ఎందుకో అడుగున రాసి, కింద తన పేరు పెట్టాడు. పెట్టె మళ్లీ నడిచింది, ఆగలేదు.

చీకటి పడే వేళకు విడుదల పంపాడు. 'ఈ వెర్షన్‌కు ఇదే ఆఖరిది. దయచేసి కొత్తదానికి మారండి.'

"ఇక మీ పెట్టె తీసేయొచ్చా? నా కాళ్లకు అడ్డం," అంది రద్కా.

"సోమవారం నేనే ఆపుతా. రేపూ ఎల్లుండీ పుట్టగొడుగులు ఏరడానికి అడవికి వెళ్తున్నా."

చెప్పులు విప్పి పెట్టె మీద పెట్టాడు. బూట్లు తొడుక్కుని ట్రాముకు వెళ్లాడు.

ఆదివారం అడవిలో, బుట్ట పక్కన పెట్టుకుని చెట్టు మొదట కూర్చున్నవాడు మళ్లీ లేవలేదు. గుండె అన్నారు.

సోమవారం అతని పేరు మీద ఒకే మెయిలు వచ్చింది, ఏదో ఊళ్లో నీటి పంపులు నడిపేవాళ్ల నుంచి. 'ఆఖరి విడుదల పెట్టుకున్నాం. నడుస్తోంది.' రద్కా కృతజ్ఞతలు రాసింది. తరువాత పెట్టె ఆపుదామని బల్ల కిందికి వంగింది. స్విచ్చి దాకా వెళ్లిన చెయ్యి వెనక్కి తీసుకుంది.

పెట్టె మీద గళ్ల చెప్పులు వెచ్చగా ఉన్నాయి.