అక్క ఇచ్చిన మూలుగ

తండ్రి ఇచ్చిన కాలేయం ముక్క చిన్నదానికి చక్కగా అతుక్కుంది. హమ్మయ్య అని తల్లి ఊపిరి పీల్చుకుందో లేదో, పిల్ల ఒంటినిండా కమిలిన మచ్చలు, చిగుళ్ళలో నెత్తురు. కాలేయాన్ని పాడుచేసిన జబ్బే ఎముకల్లో మూలుగనూ దెబ్బతీసిందనీ, ఒంట్లో కొత్త నెత్తురు పుట్టడం లేదనీ డాక్టరమ్మ చెప్పింది.

"దానికేం, నాదే తీసుకోండి. కాలేయం కుదిరినవాడి మూలుగ కుదరదా?" అంటూ తండ్రి అప్పుడే చొక్కా చెయ్యి మడిచేశాడు.

"మీది సగమే కలుస్తుందండీ. తోడబుట్టినవాళ్ళదైతే పూర్తిగా కలవొచ్చు."

పెద్దమ్మాయి నెత్తురు పరీక్ష చేయించారు. అచ్చంగా కలిసింది! తండ్రి పొట్టమీద కుట్లున్న సంగతి కూడా మరిచి గంతేశాడు. తల్లి గుండెల్లో మాత్రం రాయి పడింది.

పడదూ మరి! ఆపరేషనయ్యాక క్రిముల భయంతో ఆవిడ చేసిన హడావుడి అంతా ఇంతా కాదు. తలుపు గడియకు కూడా మందునీళ్ళు కొట్టేది. పెద్దది ఒక్క తుమ్ము తుమ్మిందని బట్టలు సర్ది పిన్ని ఇంటికి పంపేసింది. పైగా చుట్టాల ముందు దాన్ని "క్రిముల మూట" అనేసింది. ఆ నోరు ఊరుకుంటేగా!

తల్లి వెళ్ళేసరికి పిన్ని ఇంట్లో పెద్దది మూతి ముడుచుకుని కూర్చుంది.

"అమ్మలూ, చెల్లికి నీ మూలుగ కావాలే. మత్తిచ్చి నడుం ఎముకలోంచి తీస్తారు. తర్వాత కొన్నాళ్ళు సలుపుతుంది. నీకిష్టమైతేనే."

"క్రిముల మూట దగ్గర్నుంచా?"

తల్లికి ఏడుపు తన్నుకొచ్చింది. "తప్పయిపోయిందే. భయంతో బుర్ర పనిచెయ్యలేదు. నువ్వు ఇవ్వనన్నా సరే, ఇవాళ నిన్ను ఇంటికి తీసుకెళ్తాను."

పెద్దది తల్లి కళ్ళు తనే తుడిచింది.

"నెత్తురు తీసినప్పుడే డాక్టరమ్మకి సరేనన్నాలే. నిన్ను కాస్త ఏడిపిద్దామని ఆగా."

"ఓసి నీ దుంపతెగ!" అంటూ తల్లి దాన్ని వాటేసుకుంది.

మూలుగ ఎక్కించాక చాలా రోజులు అందరికీ ప్రాణం గుప్పిట్లోనే ఉంది. ఒక ఉదయం డాక్టరమ్మ నవ్వుతూ వచ్చింది. అక్క కణాలు చెల్లి ఎముకల్లో కుదురుకుంటున్నాయట, కొత్త నెత్తురు పుడుతోందట. ఇంకా జాగ్రత్తగా ఉండాలట, గదిలోకి ఒక్కరినే పంపుతారట.

తండ్రి తల్లివైపు చూశాడు. ఆవిడ తను తొడుక్కున్న ఆసుపత్రి గౌను విప్పి, పెద్దదాని చేతులు సబ్బుతో కడిగించి, దానికి కొత్త గౌను తొడిగింది. మాస్కు కట్టి, తలుపు తనే తీసింది.

"నువ్వెళ్ళవే. చెల్లి నిన్నే అడుగుతోంది."