చప్పుడు కాకూడదు

పొద్దున ఆరయ్యేసరికి నేల తడపాలి. చెట్లకు పోసే డబ్బాతో, అడుగు జారకుండా ఉండేంత నీళ్ళు, అంతకు మించి ఒక్క చుక్క కూడదు. తొమ్మిదేళ్ళుగా నా మొదటి పని అదే. రాయచోటి నుంచి ఇంటిపనికని కువైట్ వచ్చి, అల్ రాయ్‌లో ఫర్నిచర్ గోదాము మీదున్న హాల్లో, అందరూ మామా అని పిలిచే ఫ్రెంచి ముసలామె నడిపే డాన్సు బడిలో పడ్డాను. ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చి మూడు వారాలైంది. నేర్చుకునే ఆడపిల్లలంతా వెళ్ళిపోయారు. అయినా నేల మాత్రం తడపాల్సిందే.

మామాకు డెబ్బై ఏళ్ళు. వందేళ్ళ కిందట వాళ్ళ అమ్మమ్మ పారిస్‌లో బ్యాలే ఆడేదట. ఏడేళ్ళకే బడిలో వేశారట. చలిలో గోడకు బిగించిన కొయ్య పట్టుకుని పొద్దున్నే రెండు గంటల సాధన, మధ్యాహ్నం రిహార్సలు, సాయంత్రం ఆట. అరిగిన జోళ్ళ ముక్కులు ఎవరివి వాళ్ళే కుట్టుకోవాలి. తెర వెనక తల్లులు కాపలా కూర్చునేవాళ్ళట. గ్యాస్ దీపాలకు పావడాలు అంటుకుని పిల్లలు కాలి చచ్చిపోయేవాళ్ళట. నిప్పంటకుండా మందులో ముంచిన పావడాలిస్తే, బిరుసుగా ఉన్నాయి, తెలుపు చెడిందని విసిరికొట్టారట.

“అంత పిచ్చిదాని మనవరాలివి కాబట్టే ఇట్లున్నావు” అన్నాను నాకొచ్చిన అరబ్బీలో. మామా మురిసిపోయింది.

ఆ అమ్మమ్మ నుంచి వచ్చిన కర్ర ఒకటుంది. ఏ పిల్లయినా ఎగిరి దిగేటప్పుడు పాదం చప్పుడైతే, ఆ కర్రతో గోడకు ఒక్క దెబ్బ. తిట్టు లేదు, అరుపు లేదు. వంటగదిలో నేను గిన్నె జారవిడిచినా అదే దెబ్బ. మొదట్లో ఒళ్ళు మండేది. తర్వాత అలవాటైపోయింది.

తెల్లవాళ్ళను పట్టుకుని ఇరాక్‌కు తీసుకుపోతున్నారని, బాంబులు పడకుండా ఫ్యాక్టరీల దగ్గర అడ్డుగా పెడుతున్నారని తెలిసిన రోజే మామాను దుస్తుల గదిలోకి పంపి, ఆ తలుపుకు అడ్డంగా బీరువా జరిపాను. కింద గోదాము కాపలా గురప్పన్న మాకు రొట్టెలు తెచ్చిచ్చేవాడు. మా రాయచోటి పక్కవాడే.

“అంకాలమ్మా, బేస్తవారం అమ్మాన్‌కు బస్సు పోతాది, ఆడ్నుంచి ఇండియాకు ఇమానం. నీ పేరు రాపిచ్చినా. ఆ ముసలామెను ఎన్నాళ్ళు దాపెడతావు మే?”

“నేను పోతే ఆమెకు గుక్కెడు నీళ్ళు ఎవురిస్తారన్నా?”

“దొరికితే ఇద్దురూ పోతారు. తెలుస్తాండాదా?”

తెలుస్తూనే ఉంది. కానీ ఆమె ఆ ఇరుకు గదిలో, దుస్తులు వేలాడే కడ్డీ పట్టుకుని, రోజూ రెండు గంటలు సాధన చేస్తోంది. చీమ నడిచినంత చప్పుడు కూడా లేదు. అలాంటి మనిషిని వదిలి ఎలా పోను?

సాధన అయ్యాక చెమటకు తడిసిన గులాబీరంగు మేజోళ్ళు ఉతకడం, మిద్దె మీద ఎండలో ఆరేయడం నా రెండో పని. ఆమె దాక్కున్నప్పటి నుంచి వాటిని స్నానాలగదిలోనే ఆరేస్తున్నాను. బుధవారం నా బుద్ధంతా మర్నాటి బస్సు మీదే ఉంది. తొమ్మిదేళ్ళ అలవాటున్న చేతులు వాటిని మిద్దె మీద ఆరేసి వచ్చాయి. మెకానిక్ షెడ్ల వీధి అది. బడి పిల్లలు పోయాక ఆడమనిషన్నదే కనబడని వీధి.

పదింటికి ఒక అధికారి, ఇద్దరు సైనికులు వచ్చారు. మేజోళ్ళు అధికారి చేతిలో ఉన్నాయి.

“ఎవరివి ఇవి?”

“నావే.”

అతను నా పగిలిన మడమలు చూశాడు. “నువ్వు డాన్సు చేస్తావా?”

“చేస్తాను.”

“అయితే చెయ్యి. యల్లా, త్వరగా.” కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

కొయ్య పట్టుకుని మోకాళ్ళు వంచాను, చెయ్యి చాపాను, కాలు పక్కకు జరిపాను. తొమ్మిదేళ్ళు చూసిన కళ్ళు నన్ను కాపాడాయి. అతని ముఖంలో వెక్కిరింత తగ్గింది. నమ్ముతున్నాడనిపించింది.

“ఇప్పుడు ఎగురు” అన్నాడు.

ఎగిరాను. బియ్యం మూట పడినట్టు దబ్బున దిగాను.

బీరువా వెనక గోడ మీద ఒక్క దెబ్బ పడింది.

అధికారి లేచాడు. సైనికులు బీరువా జరిపారు. మామా వెన్ను నిటారుగా పెట్టుకుని, కర్ర పట్టుకుని బయటికొచ్చింది. తుపాకుల వైపు చూడలేదు, నా పాదాల వైపు చూసింది.

“వేళ్ళు ముందు. మడమ తర్వాత” అంది.

కర్ర లాక్కుని ఆమెను తీసుకుపోయారు. “హిందీ, ఖలాస్, మీ దేశం పో” అని, ఇండియాదాన్నని నన్ను వదిలేశారు. ఆ గోదాము మెట్లు ఇనపవి. నేను దిగితే వీధి చివరిదాకా వినబడేది. ఆ రోజు సైనికుల బూట్ల చప్పుడే వినబడింది. ఆమెది వినబడలేదు.

మర్నాడు బస్సులో గురప్పన్న నా పక్కన కూర్చుని, “నిన్ను ఇడిపిచ్చాలనే కొట్టింటాదిలే మే” అన్నాడు.

అలా నమ్మితే నా ఏడుపు కొంచెం తగ్గేది. కానీ ఆ దెబ్బ నాకు బాగా తెలుసు. నేను తప్పుగా దిగాను, అందుకే కొట్టింది.