వెయ్యిసార్లు ఒక్కటే ఊరు

ఆదివారం మధ్యాహ్నం డ్రయ్యర్‌లోంచి తీసిన సాక్సులు జతలు కలుపుతున్నాను. చివరికి ఒకటి మిగిలింది. "సంభావ్యతలో డాక్టరేట్ చేశావు, ఒక్క సాక్సు పట్టుకోలేవా మార్లిస్?" అన్నాడు నా భర్త కర్టిస్ మెట్ల మీంచి. ప్రతివారం వేసే జోకే. ప్రతివారం నవ్వుతాను. ఈసారీ నవ్వాను, కానీ ఆ సాక్సు పట్టుకుని అలాగే నిలబడిపోయాను. అదే జోకు, అదే నవ్వు. ఇలా ఒకేలా వస్తున్నది ఇంకేదో ఉంది.

అంటువ్యాధి ఊళ్ళోకొస్తే పాకుతుందా, దానంతటదే ఆరిపోతుందా అన్నది చాలావరకు అదృష్టం. ఆ అదృష్టాన్ని లెక్కకట్టడమే నా పని. ఈ చలికాలం మా కెనడా ఊరు సాస్కటూన్ బడుల్లో తట్టు కనిపించింది. కంప్యూటర్లో వెయ్యి ఊళ్ళు కట్టి, ప్రతి ఊళ్ళోకీ తట్టు సోకిన పిల్లనొకదాన్ని పంపాను. ఎవరికి అంటుకుంటుందో బొమ్మా బొరుసే. వెయ్యికి వెయ్యి ఊళ్ళలోనూ మూడు వారాల్లో ఆరిపోయింది. "మేం తేల్చేశాం, ఇంటింటికీ తిరిగి టీకాలు వెయ్యక్కర్లేదు" అని కర్టిస్ ఆరోగ్యశాఖకి ఫోన్లో చెప్పేశాడు. యూనివర్సిటీలో మా విభాగాధిపతి అతనే. రేపు పదింటికి వాళ్ళ నిర్ణయం.

వెయ్యికి వెయ్యా? అని నేనంటే, "మంచి జరిగినా నీకు అనుమానమే" అన్నాడు. "వాడు ఉద్యోగం చెయ్యనిస్తున్నాడు, సంతోషించక!" అంది అత్తగారు ఐరీన్. పిచ్చి నాకా, లెక్కకా? నిజంగా తేల్చుకోలేకపోయాను. చలికి ఇంజను గడ్డకట్టకుండా కారుకి కరెంటు ప్లగ్గు పెట్టానో లేదో మూడుసార్లు వెళ్ళి చూసుకునే మనిషిని, నన్ను నేను నమ్మేదెలా?

బుట్ట అక్కడే వదిలి ప్రోగ్రాం తెరిచాను. బొమ్మాబొరుసుల వరస ఎక్కణ్ణించి మొదలవ్వాలో చెప్పే అంకెని మేం విత్తు అంటాం. అదే విత్తు వేస్తే అవే బొమ్మలు, అవే బొరుసులు. సరిచూసుకోవడానికి ఎప్పుడో కర్టిస్ పుట్టినతేదీని విత్తుగా వేశాను. మొదట్లో ఒక్కసారి ఉండాల్సింది, ప్రతి ఊరి ముందూ కూర్చుంది. అవి వెయ్యి ఊళ్ళు కావు. ఒక్క ఊరే, వెయ్యిసార్లు.

ఆ తేదీ తీసేసి మళ్ళీ నడిపాను. నాలుగువందల పన్నెండు ఊళ్ళలో తట్టు పాకింది.

"ఎంత పని చేశావు నువ్వు!" నేను పిలిచి చూపిస్తే కర్టిస్ తల పట్టుకున్నాడు. "నా పరువేం కాను? రేపటి సమావేశం అయిపోనీ, తర్వాత నెమ్మదిగా చెబుదాం. నీకు సరిగ్గా నిద్ర లేదు. ఈ వయసులో ఆడవాళ్ళకి..."

తేల్చింది 'మేం' అట. తప్పు చేసింది మాత్రం 'నువ్వు'. నాకొచ్చింది కోపమో, సిగ్గో, భయమో తెలియలేదు. తప్పు నాదే, అందులో అబద్ధమేం లేదు. కానీ ఆ బడుల్లో పిల్లలు నిజం పిల్లలు.

ఆరోగ్యశాఖకి రాశాను: లెక్క తప్పు, టీకాలు కావాలి. "పంపకు, నా మాట విను" అని వెనక నిలబడి అంటూనే ఉన్నాడు. చివర్లో అలవాటుగా ముందు అతని పేరు కొట్టాను. చెరిపేసి నా పేరు కొట్టి, పంపేశాను.

పంతొమ్మిదేళ్ళ ఉద్యోగంలో నా పేరొక్కటే ఉన్న మొదటి కాగితం అది.