ఏమీ లేదు మేడమ్

...నమ్మేసిందే, అదీ అతని కోపం. ఏమీ లేదంటే ఏమీ లేదనుకోవడమేనా? అంత చదువు చదివిన మనిషి, పిల్లల పేగుల్లో కెమెరాలు పెట్టి చూసే మనిషి, ఫోన్లో ఒక మగవాడు "నేను బాగుండా మేడమ్" అంటే ఆ గొంతులో తేడా పట్టుకోలేదా? పట్టుకోకపోతే ఇక ఆమె పట్టుకునేదేమిటి? కెమెరాకు కనిపించేదొక్కటేనా?

నాగేశ్వర రేకుల గది మూలన గోడకు ఆనుకుని కూర్చున్నాడు. బయట కువైట్ అమ్ఘరా యార్డు ఎండలో తుక్కు ఇనుము పొగలు కక్కుతోంది. ఎండాకాలం మధ్యాహ్నాలు బయట పని చేయించకూడదని రూలు. గ్యాస్ కట్టర్లన్నీ ఆగిపోయాయి. పని ఉంటే బాగుండేది. పాత లారీ ఛాసిస్ మీద మంట పెట్టి కోస్తుంటే కోపానికి ఒక దారి ఉంటుంది. ఊరికే కూర్చుంటే అది లోపలే తిరుగుతుంది. తిరిగి తిరిగి ఎవరో ఒకరి మీద వాలుతుంది, అక్కడా నిలవదు, మళ్ళీ లేస్తుంది.

చెవికి ఫోన్ ఆనించుకుని డాక్టర్ షగుఫ్తా పంపిన మెసేజ్ మళ్ళీ విన్నాడు. హైదరాబాద్ ఆసుపత్రిలో అతని కూతురు లాస్యను చూస్తున్నది ఆమే. వంశంలో వచ్చే పేగు బుడిపెల మీద, అదీ చిన్నపిల్లల్లో వచ్చే వాటి మీద, పరిశోధన చేస్తోంది.

"నాగేశ్వర గారూ, నమస్తే. పాప జీన్‌లో ఉన్న మార్పే మీరు పంపిన ఉమ్మిలో కూడా దొరికింది. మీ బాబుకూ ఉంది. ఈ మార్పు ఇంతవరకు ఎక్కడా ఎవరూ రాసింది కాదు. అందుకే జబ్బు దీనివల్లేనా కాదా అని తేల్చుకోలేకపోతున్నాం. కానీ మీకు ఈ వయసుకు కూడా ఏ బాధా లేదన్నారు, అక్కడ కెమెరా పరీక్ష చేయించుకుంటే శుభ్రంగా ఉందన్నారు. అట్లయితే ఇది హాని చేసే మార్పు కాకపోవచ్చు. బాబుకు కెమెరా పెట్టాల్సిన పని ఉండదు. పాప జబ్బుకు కారణం ఇంకోచోట వెతుకుతాం. రేపు మా వాళ్ళందరం కూర్చుని నిర్ణయం తీసుకుంటున్నాం. మీ రిపోర్టు ఉంటే పంపండి."

కెమెరా పరీక్ష. ఎక్కడి పరీక్ష? అతని ఒంట్లోకి ఏ కెమెరా పోలేదు. పొద్దున కూడా కక్కసులో కూర్చుని లేచేసరికి నీళ్ళు ఎర్రగా ఉన్నాయి. రెండేళ్ళుగా అంతే. కొన్నాళ్ళు ఆగుతుంది, మళ్ళీ మొదలవుతుంది. గదిలో వాళ్ళందరి లెక్కలో అది వేడి. కువైట్ వేడి, ఖుబ్జు రొట్టె వేడి, బంగ్లా వాడు వండే కోడికూర వేడి. వేడికి మందు సబ్జా గింజలు, పలచటి మజ్జిగ. ఇక్కడ మూడొంతుల మందికి ఆ వేడి ఉందంటారు. ఎవరికి మొలలో, ఎవరికి ఇంకేమిటో, చూసిన వాడెవడు?

నాయనకూ వేడే అన్నారు. బొప్పాయి తినిపించారు, పసరు మింగించారు, చివరకు గోచీ తప్ప ఏమీ నిలవని నడుముతో పోయాడు. అక్క కళావతికీ అంతే, కాకపోతే ఆడమనిషి కాబట్టి ఆ నెత్తురు ఎక్కడిదని కూడా ఎవరూ అడగలేదు. అక్క కూతురే రెడ్డెమ్మ. ఆ రెడ్డెమ్మనే అతనికి చేశారు. బయటి సంబంధాలు మనకెందుకు, అక్క కూతురుండగా, అన్నారు.

లాస్యకు మొదటిసారి కెమెరా పెట్టి, ద్రాక్షగుత్తుల్లా బుడిపెలున్నాయని చెప్పిన రోజు అతను ఇక్కడి నుంచి ఫోన్లో అరిచాడు. "మీ అమ్మ జబ్బే నా బిడ్డకు తెచ్చినావు!"

అవతల రెడ్డెమ్మ చాలా మెల్లగా అడిగింది. "మా అమ్మ నీకెవురు మామా?"

ఆ మాటకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. తిట్టాలంటే ఎటువైపు తిట్టాలి? పెండ్లాం వైపు తిడితే తన వైపే. తన వైపు తిడితే పిల్లల వైపు. వేలు ఎటు చూపినా తిరిగి తన రొమ్ముకే గుచ్చుకుంటుంటే ఆ వేలిని ఏం చేసుకోవాలి?

ఫోన్ మోగింది. రెడ్డెమ్మే.

"మామా, డాక్టరమ్మ మాట ఇన్నావా? చిన్నోనికి అవసరం లేదంట! ఆ మందు తాపి కడుపు కడగడం, ఆ గొట్టాలు, ఏమీ లేవంట!" ఆమె గొంతు చాలా కాలం తర్వాత పెళ్ళికి ముందు గొంతులా ఉంది. "వాడు ఎగురుతాండాడు. అక్కకు పెట్టినట్ల నాకు పెట్టరు కదమ్మా అని పదిసార్లు అడిగినాడు. పెట్టరు నాయనా, మీ నాయన ఒళ్ళు ఇనుము, నువ్వూ ఇనుమే అని చెప్పినా."

"ఎవురు చెప్పమన్నారు నిన్ను?"

"ఏంది?"

"వానికెందుకు చెప్పినావు అప్పుడే? రేపు గదా వాళ్ళు తేల్చేది!"

"నువ్వు బాగుండావు గదా మామా, ఇంక తేల్చేదేముంది?" ఆమె నవ్వింది. ఆ నవ్వులోనే కొంచెం తడబాటు. "బాగుండావు గదా?"

"పని ఉంది. పెట్టేయ్."

పెట్టేశాక ఫోన్ను గోడకేసి కొట్టాలనిపించింది. కొట్టలేదు. కోపంలో కూడా ఫోన్ను పరుపు మీదికే విసిరాడు. అది చూసుకుని తన మీద తనకే అసహ్యం వేసింది. ఇంత జాగ్రత్త గల కోపం కూడా ఒక కోపమేనా?

ఎదురు మంచం మీద నూర్ బాషా ఒక కన్ను తెరిచాడు. రాయచోటి వాడే, ఈ యార్డులోనే క్రేన్ నడుపుతాడు. "ఏం నాగేశన్నా, ఇంటికాడ లొల్లా? సబ్జా నీళ్ళు తాగు, వేడి దిగుతాది."

"నీ సబ్జా నీ నోట్లో పోసుకో!"

"ఓహో, నెత్తికెక్కిందే వేడి." నూర్ బాషా లేచి కూర్చున్నాడు. "నేనేమన్నా ఇప్పుడు? పొద్దున నీ తరవాత కక్కసుకు పోయింది నేనే. నీళ్ళు సరింగా కొట్టలేదు నువ్వు. నేనేమన్నా అన్నానా?"

గది ఒక్కసారి ఇరుకైపోయినట్టయింది. నాగేశ్వర అతని కాలర్ పట్టుకున్నాడు. ఎప్పుడు లేచాడో, ఎప్పుడు పట్టుకున్నాడో తెలియదు.

"ఎవురికి చెప్పినావు?"

"వదులు. యల్లా, వదులప్పా!" నూర్ బాషా అతని చెయ్యి విడిపించుకున్నాడు, కొట్టలేదు. "ఎవురికి చెప్తా? ఆపీసులో ఉండే ముదీర్‌కు చెప్తే నిన్ను రేపే ఖలాస్ చేసి ఇండియాకు పంపుతాడు. నీ జాగాలోకి వచ్చేవాడు రాత్రంతా గురక పెట్టేవాడైతే నాకేం లాభం?" చొక్కా సరిచేసుకున్నాడు. "నువ్వు చూపించుకోవల్లన్నా. నవ్వులాట కాదు."

నాగేశ్వర మళ్ళీ మూలకు పోయి కూర్చున్నాడు. ఎవరి మీద ఈ కోపం? నూర్ బాషా మీద కాదు. వాడు అన్నీ చూసి కూడా ఇన్నాళ్ళు నోరు మూసుకున్నాడు, వాడి మీద కోపానికి కారణమే లేదు. మరి?

లాల్ బాషా గుర్తొచ్చాడు. వీసా ఇప్పించిన ఏజెంటు. మెడికల్‌కు చెన్నై తీసుకుపోయి, సెంటర్ బయట టీ బండి దగ్గర అందరినీ వరసగా నిలబెట్టి నేర్పించాడు. "తెల్లకోటు వాడు ఏం అడిగినా లేదనాల. దగ్గుందా? లేదు. ఫిట్స్ వచ్చినాయా? లేదు. ఇంట్లో ఎవురికన్నా జబ్బులుండాయా? లేదు సార్, ఏమీ లేదు సార్. ప్రశ్న అయ్యేలోపలే నీ నోట్లో లేదు తయారుగా ఉండాల. ఉందన్నోని పాస్‌పోర్ట్ మీద వీసా పడదు." వాళ్ళు నవ్వుతూ ఒకరినొకరు అడిగి చూసుకున్నారు. పెండ్లయిందా? లేదు సార్. ఒంట్లో పానముందా? లేదు సార్.

అప్పుడు నేర్చిన లేదు అది. ఇఖామా, ఈ దేశంలో ఉండే పర్మిట్, రెన్యువల్‌కు ఎప్పుడు ఆసుపత్రికి పోయినా అదే లేదు. నిన్న షగుఫ్తా మేడమ్ అడిగినప్పుడు అతను అబద్ధం చెప్పాలనుకోలేదు. ఆమె "మీకెప్పుడైనా రక్తం..." అని మొదలుపెట్టగానే లేదు మేడమ్ అని వచ్చేసింది. ఒకటి వచ్చాక దాన్ని నిలబెట్టడానికి ఇంకొకటి. కెమెరా పరీక్ష చేయించుకున్నారా అంటే, చేయించుకున్నా, క్లీన్. ఆమె ఇక్కడి తెల్లకోటు కాదని, కూతురి కోసం అడుగుతోందని తన మనసుకు తెలుసు. నాలుకకు తెలియలేదు.

కానీ అదంతా లాల్ బాషా మీద తోసేయడమే కదా అని ఇంకో ఆలోచన లోపల నవ్వింది. నిన్న నేర్పలేదు వాడు. నిన్న ఫోన్ పెట్టేశాక రాత్రంతా టైమ్ ఉంది. పొద్దున ఆ నీళ్ళు చూశాక కూడా ఉంది. అప్పుడు ఊరుకున్నది లాల్ బాషా కాదు. అతను కాచుకుని ఉన్నాడు, ఆమె పట్టుకుంటుందని. చదువుకున్న మనిషి కదా, నాగేశ్వర గారూ మీరు అబద్ధం చెప్తున్నారు అని గట్టిగా అంటుందని. అంటే ఏడ్చేవాడు. పిల్లవాడు దొంగతనం చేసి తల్లి తన చెయ్యి పట్టుకోవాలని చూసినట్టు చూశాడు. ఆమె నమ్మేసింది. నమ్మి, ఆ లేదును తీసుకుపోయి అతని కొడుకు కడుపు మీద పెట్టింది. ఇక ఆ పిల్లవాడి పేగును ఎవరూ చూడరు. అందరూ సంతోషంగా ఉంటారు. వాడికీ ఏదో ఒక రోజు నీళ్ళు ఎర్రబడితే రెడ్డెమ్మ మజ్జిగ కలిపి ఇస్తుంది. నాయన ఒళ్ళు ఇనుము నాయనా, నీకేం కాదు అంటుంది.

అతని నాయన కూడా ఇట్లాగే కదా చేసింది? ఏమీ లేదురా, వేడి. ఆ ముసలాయన మీద ఎంత కోపమో ఇన్నాళ్ళు! చెప్పి ఉంటే అక్క బతికేదేమో అని, చెప్పి ఉంటే తను ముందే చూపించుకునేవాడేమో అని. ఆ కోపానికి ఒక ముఖం ఉండేది. ఇప్పుడు ఆ ముఖం మీద మీసం తనది.

పరుపు మీది ఫోన్ తీసుకున్నాడు. నూర్ బాషా చూస్తున్నాడని తెలుసు. బయటికి పోదామనుకున్నాడు, ఎండకు భయపడి కాదు, లేస్తే ఆ లేవడంలోనే ఈ కోపం చల్లారిపోతుందేమోనని కూర్చునే నంబర్ నొక్కాడు.

మూడోసారి మోగాక ఎత్తింది. వెనకాల ఎవరో పిల్ల ఏడుస్తోంది. "చెప్పండి నాగేశ్వర గారూ. రిపోర్టు దొరికిందా?"

"ఏ రిపోర్టూ... మేడమ్, మీరెట్ల నమ్మినారు?" అరిచినట్టే వచ్చింది. "ఫోన్లో ఎవుడో చెప్తే రాసుకునేదేనా? నా కొడుకు వాడు! ఇంకొక మాట అడగొద్దా నన్ను?"

అవతల తలుపు వేసిన శబ్దం, పిల్ల ఏడుపు దూరమైంది. ఆమె గొంతులోనూ ఇప్పుడు మర్యాద కొంచెం తగ్గింది.

"సరే, అడుగుతున్నా. ఈసారి నేను మొత్తం అడిగేదాకా ఆగండి. మీకు మలంలో రక్తం పడుతోందా?"

నాలుక మీద లేదు తయారుగా ఉంది. నాగేశ్వర దాన్ని పళ్ళతో అదిమి పట్టుకున్నాడు. ఆమె ప్రశ్న చివరి మాట దాకా వదల్లేదు.

"పడతాంది," అన్నాడు.