చీకట్లో మొలిచిన బార్లీ

బుజ్జమ్మకి ముప్పై రెండేళ్లు. పరిశోధనశాలలో ఆమె ముందు కొమ్ములు తిరిగినవాళ్లే నోరు మెదపరు గానీ, ఇంట్లో మాత్రం ఇప్పటికీ బుజ్జమ్మే. ఆ మధ్యాహ్నం గోడకేసి తల బాదుకోవడం ఒక్కటే తక్కువ ఆమెకి.

సంగతేమిటంటే, బార్లీ గింజల్ని మూసిన పెట్టెలో ఆరు రోజులు చీకట్లో పెంచితే మొలకలు పాలిపోయి పసుపుగా వస్తాయి. పచ్చదనం ఇంకా రాదు, దానికి ముందు మెట్టయిన రంగు మాత్రం ఆకుల్లో కాచుక్కూర్చుంటుంది. రవ్వంత వెలుతురు తగిలిందా, మరుక్షణం మారిపోతుంది. అందుకే ఆ రంగుని కదపని మసక ఆకుపచ్చ దీపం కింద ఆకు కోసి, ద్రవ నత్రజనిలో ముంచి, ఇక మారకుండా గడ్డకట్టించి, యంత్రంలో పెట్టి నీలి కాంతి పంపాలి. ఆ రంగు చెక్కుచెదరకుండా ఉంటే, యంత్రం గీసే గీత ఆరువందల యాభై అయిదు అంకె దగ్గర నిటారుగా లేస్తుంది. వెలుతురు సోకిన ఆకైతే ఆ శిఖరం అవతలికి జరిగిపోతుంది.

రెండేళ్ల కిందట సరిగ్గా లేచింది. ఆమె సిద్ధాంత వ్యాసమంతా ఆ గీత మీదే నిలబడి ఉంది. ఇప్పుడు పరీక్షకులు మళ్లీ చేసి చూపించమన్నారు. చేస్తే ఒక్కసారీ కుదిరి చావడం లేదు! నాలుగు పెట్టెలు పాడయ్యాయి. సాయంత్రం అయిదింటికి యంత్రం వేరేవాళ్ల చేతికి పోతుంది. మిగిలింది ఒకే ఒక్క పెట్టె.

నలభై ఏళ్లు ఫోటో స్టూడియో నడిపి, పోయినేడే మూసేసిన తండ్రి ఆమెని చూడ్డానికి వచ్చాడు.

"ఏంటే ఆ మొహం?"

"నా కొంప మునిగింది నాన్నా. గదిలోకి ఎక్కణ్నుంచో వెలుతురు వస్తోంది. తలుపు సందుల్లో నల్లగుడ్డ కుక్కాను, అయినా లాభం లేదు."

"నిలబడి చూస్తే ఏం కనిపిస్తుంది? ఆ పచ్చదీపం కూడా ఆర్పేసి, మిగతావన్నీ ఎప్పట్లాగే నడవనిచ్చి, పావుగంట కదలకుండా కూర్చోవాలి. కళ్లు చీకటికి అలవాటు పడితే దొంగ తనే దొరుకుతాడు."

ఆకులు కోసే గదిలో దీపం ఆర్పి ఇద్దరూ కూర్చున్నారు. పావుగంట పావురోజులా గడిచింది.

"తలుపు బాగుంది," అన్నాడు ఆయన చివరికి. "మరి నువ్వు ఆకులు కోసే చోట ఆ ఎర్రటిదేంటి?"

"తూకం యంత్రం అంకెలు. పాతది పాడైతే ఈమధ్యే ఈ కొత్తది కొన్నారు. ఎరుపేగా నాన్నా, ఎరుపుతో ఏం కాదు..."

ఆమె ఆ అంకెలకేసి మళ్లీ చూసింది.

ఎరుపుతో ఏమీ కానిది ఫోటో కాగితానికి! నడక రాకముందు నుంచీ తండ్రి చంకెక్కి, ఎర్ర దీపం కింద ఫోటోలు తేలడం చూసిన పిల్ల. ఎరుపంటే ఆమె లెక్కలో చీకటి కిందే జమ. కానీ ఈ మొలకల్లోని రంగు ఎర్ర కాంతిని ఆబగా మింగుతుంది. ఏటా కాలేజీ పిల్లలకి బోర్డు మీద గీసి మరీ చెప్పేది తనే! ఆ అంకెలకి జానెడు దూరంలో ఆకులు పరిచి, తీరిగ్గా తూచింది. ఒకసారి కాదు, నాలుగుసార్లు.

"ఓరి దేవుడా! నా తెలివి తెల్లారినట్టే ఉంది!"

అప్పటికి నాలుగున్నర. తూకం యంత్రం వైరు పీకి అవతల పడేసింది. తూచడం మానేసి, పది ఆకులు లెక్కపెట్టి కోసి ముంచింది. గీత మొదలైంది. ఆరువందల ముప్పై దాటాక కొంచెం ఉబ్బింది, అది మామూలే. తర్వాత కిందికి దిగింది. అయిపోయిందనుకుందామె. అంతలోనే గీత లేచి, లేచి, ఆరువందల యాభై అయిదు దగ్గర నిటారుగా నిలబడింది.

"వచ్చింది! నాన్నా, వచ్చిందీ!"

ఆ గీత సంగతి ఆయనకి ఓనమాలు కూడా తెలియవు. కూతురి మొహం చదవడం తెలుసు. గదిలో ఇద్దరూ చేతులు పట్టుకుని చిన్నపిల్లల్లా గెంతారు.

ఆమె గైడు మేడమ్‌కి ఫోన్ చేసింది.

"ఎవరమ్మా కనిపెట్టింది?"

"మా నాన్న, మేడమ్."

"ఏ విభాగం?"

"ఫోటో స్టూడియో."

అవతల మేడమ్ పడీపడీ నవ్వింది. సిద్ధాంత వ్యాసం మొదట రాసే కృతజ్ఞతల్లో ఆయన పేరు తప్పకుండా ఉండాలంది.

ఆ మాట తండ్రికి చెప్పింది. "నా విద్య ఇక ఎవరికీ అక్కర్లేదనుకున్నాను బుజ్జమ్మా," అన్నాడాయన. వెంటనే చిలిపిగా చూశాడు. "కానీ ఎరుపుకి భయపడక్కర్లేదని నీకు నేర్పిందెవరు? నీ నాలుగు పెట్టెలూ చెడగొట్టింది నేనే కదే. పేరు రాస్తే అదీ రాయాలి మరి!"

"రెండూ రాస్తాను," అంది ఆమె నవ్వుతూ, కళ్లు తుడుచుకుంటూ. అన్నట్టే రాసింది.