పద్నాలుగు చుట్లకు ఒకటి

పద్నాలుగు చుట్లు తిప్పితే లోపలి కడ్డీ ఒక్క చుట్టు తిరుగుతుందట, పద్నాలుగు, అంత ఓపిక ఎవడికుంది, యేసుదాసు గాజుబల్ల మీద తీగలు బిగించే గేర్ మెషీన్లు వరసగా పెట్టి, జెర నిమ్మళంగ తిప్పి చూడుండ్రి సార్ అంటున్నాడు, రెజిమెంటల్ బజార్‌లో ఇతని వాయిద్యాల కొట్టు ఉందని మా ఆఫీసులో గిటారు వాయించే కల్యాణ్ చెప్పాడు, నిమ్మళమట, ఆ మాట వింటేనే నాకు అరచేతులు దురద పెడతాయి, ఇందాక హైటెక్ సిటీలో ఎంఎంటీఎస్ ఎక్కి సికింద్రాబాద్ దాకా నిలబడే వచ్చాను, బేగంపేటలో ఎక్కినవాడు నా కాలు తొక్కి సారీ కూడా అనలేదు, వాడి జుట్టు పట్టుకుని తలుపు దగ్గరి ఇనపకడ్డీకి రెండుసార్లు మోదితే నుదురు ఎక్కడ పగులుతుందో, రక్తం కాలరులోకి ఎలా దిగుతుందో, సంజీవయ్య పార్కు స్టేషన్ వచ్చేదాకా వివరంగా ఊహించుకున్నాను, చంకలో మా అమ్మాయి అనుపమ యుకలేలి ఉంది, గిటారుకు చెల్లెల్లాంటి నాలుగు తీగల బుల్లిది, తొమ్మిదేళ్ల పిల్ల వాయిద్యం, దానికి ఎవడి మోచెయ్యీ తగలకుండా అడ్డం పెట్టుకుని మరీ ఊహించుకున్నాను.

గివి గిటార్‌వి సార్, సెట్టుకు ఆరొస్తయ్, మీకు నాలుగే గావాలె, రెండు బేకార్ పోతయ్, గా చక్రాలు మూసిన బంద్ డబ్బావి మస్తుంటయ్ గని బరువు, చిన్న బాజా గదా, తల కిందికి గుంజుతది, పిల్ల చెయ్యికి తక్లీఫ్, గీ తెరిచిన చక్రాలవి సస్తా, అప్పుడప్పుడు నూనె చుక్క వెయ్యుండ్రి, నడుస్తయ్, ఇతనికి ఇంత మెల్లగా మాట్లాడటం ఎవరు నేర్పారో, చర్చిలో వాయించి వాయించి ఇలా అయ్యాడేమో, నాకు ఈ గాజుబల్లను ఒక్క గుద్దుతో లోపలికి దించాలని ఉంది, ఊరికే, కారణం లేకుండా, గాజు ముక్కలు వేళ్లలో దిగితే హాయిగా ఉంటుందనిపిస్తోంది, ఆ సస్తావే ఇవ్వండి అన్నాను, తెల్ల ప్లాస్టిక్ చెవులవి, అతను యుకలేలి తిరగేసి తీగలు చుట్టిన పాత బిరడాలు చూశాడు, మూడో దాని మీద వేలు పెట్టి, గీ గాట్లేంది సార్ అన్నాడు, పిల్లలు కదండీ, ఏదో చేసుంటుంది అన్నాను, ఎంత తేలిగ్గా వచ్చేసిందో నోటికి.

ఇరవై రోజుల కిందటి ఆదివారం సాయంత్రం, చిలకలగూడ ఇంట్లో, సాఫ్ట్‌వేర్ రిలీజ్ చెడిందని ఫోన్‌లో మేనేజరు తిడుతున్నాడు, ఎస్ ఎస్ అంటూనే ఉన్నాను, నా కంటే ఆరేళ్లు చిన్నవాడు, వాడి నోట్లో చెయ్యి పెట్టి నాలుక లాగాలి, ఎస్ అంటున్నాను, పక్కగదిలో అను అదే ముక్క మళ్లీ మళ్లీ వాయిస్తోంది, మూడో తీగ జారి అపశ్రుతి, ఫోన్ పెట్టేసరికి టేబుల్ మీద కటింగ్ ప్లేయర్ కనబడింది, జారుతుందా, ఎలా జారుతుందో చూస్తాను, యుకలేలి అను ఒళ్లో ఉండగానే ప్లేయర్‌తో మూడో బిరడా పట్టి తిప్పాను, ఒకటి, నాన్నా వద్దు, రెండు, నాన్నా, మూడు, ఈ పాత బిరడాలకు గేర్ లేదు, చెయ్యి ఎంత తిరిగితే తీగ అంత బిగుస్తుంది, చేతిలో ఉన్నదంతా నేరుగా తీగలోకి పోతుంది, ఠప్పున తెగి దాని కంటికింద కొట్టింది, అంగుళం పైన తగిలి ఉంటే, వద్దు, ఏటైందీ పిల్లకి అంటూ నా భార్య తిరుమల వంటింట్లోంచి పరుగున వచ్చింది, తీగ దానంతటదే తెగింది అని చెప్పాను, అను నన్నే చూసి, అవునమ్మా, అదే తెగింది అంది.

మర్నాడు కొత్త తీగ నేనే వేశాను, అయినా రోజూ ఇదే గొడవ, నేను మెట్ల మీద ఉండగా లోపల అను వాయిస్తూనే ఉంటుంది, నేను గుమ్మంలో బూట్లు విప్పేసరికి ఆగిపోతుంది, వాయించమ్మా అంటే, మళ్లీ జారిపోయాయి నాన్నా అంటుంది, చూస్తే నాలుగు తీగలూ అన్నం గిన్నెలో సేమ్యాలా వేలాడుతుంటాయి, అమ్మినవాణ్ణీ చేసినవాణ్ణీ బూతులు తిట్టి, గేర్‌వి వేయిస్తే సరి అనుకున్నాను, పొద్దున అది లేవకముందే యుకలేలి ఆఫీసుకు పట్టుకెళ్లాను, ఇవాళ ఇవి వేయించి ఇస్తే పిల్ల ముఖం వెలగాలి, నా ముందు కూర్చుని ఒక్క పాట వాయించాలి, నాకు కావలసింది అంతే, మా అయ్య కూడా అంతే, అనకాపల్లి బెల్లం మార్కెట్లో కాటా దగ్గర పని, తడిపిన తాడుతో వీపు చీరేసేవాడు, కొట్టిన రోజు సాయంత్రం మాత్రం పకోడీ పొట్లం తెచ్చేవాడు, తప్పయిందని ఎన్నడూ అనలేదు, పొట్లం విప్పి నా ముందు పెట్టేవాడు, తిన్రా లోవా అనేవాడు, నేను ఒక్క పలుకు మిగల్చకుండా తినేవాణ్ణి, అయ్య ముఖం వెలిగేది.

యేసుదాసు స్క్రూడ్రైవర్ తీసి మూడో బిరడా చివరి స్క్రూ అర చుట్టు బిగించాడు, తీగ శ్రుతి చేసి మీటాడు, రెండు చేతులూ వదిలి నాకేసి చూశాడు, శ్రుతి అక్కడే ఉంది, మూడోది జెర లూజుండె సార్, మిగిలిన మూడు మంచిగనే ఉన్నయ్, గేర్ ఎందుకు ఖర్చు అన్నాడు, మరి రోజూ ఎందుకు జారుతున్నాయండీ అన్నాను, గొంతు లేచింది, కొట్టేస్తానేమో అనుకున్నాను, అతను తల అడ్డంగా ఊపాడు, జారితే ఒకటి తక్కువ ఒకటి ఎక్కువ జారుతది సార్, మీరు తెచ్చినప్పుడు నాలుగూ ఒక్క తీర్గనే వదులున్నయ్, జారుడు గాదది, ఎవరో చేత్తోని ఇప్పుతున్నరు అన్నాడు.

చేత్తో, మెట్ల మీద నా బూట్ల చప్పుడుకు, గబగబా నాలుగు బిరడాలూ వెనక్కి, వదులు తీగ తెగదు, తెగని తీగ కొట్టదు, మోగనిదాన్ని నాన్న ముట్టుకోడు, ఇరవై రోజులుగా నా కూతురు రోజూ ఈ లెక్క వేసుకుంటోంది, ఎవరికీ చెప్పకుండా, అమ్మకు కూడా, మెషీన్లు ఎక్కియ్యాల్నా సార్ అంటున్నాడు యేసుదాసు, పద్నాలుగు కాదు వంద చుట్లవి వేసినా అను మెట్ల వైపే చెవి పెట్టి ఉంటుంది, నేను ముందు కూర్చుని వాయించమంటే వాయిస్తుంది కూడా, నవ్వుతుంది కూడా, వద్దండీ, ఆ గాట్లు పిల్ల పెట్టలేదు, కటింగ్ ప్లేయర్‌తో నేనే పెట్టాను అన్నాను, అతను యుకలేలి జాగ్రత్తగా నా చేతుల్లో పెట్టాడు, ఈ మాటే ఇంట్లో తిరుమల ముందు, అను ముందు అనాలి, చేతిలో ఏ పొట్లమూ లేకుండా అనాలి, ఎందుకంటే మా అయ్య తెచ్చిన ఆ పకోడీ నేను ఏనాడూ ఇష్టంతో తినలేదు, తినకపోతే మళ్లీ కొడతాడని తిన్నాను.