జాకీ దించాక తెలిసింది

హలో, హలో... వినపడుతోందా అండీ? అందరూ కులాసాయేనా? టీవీ సౌండు కాస్త తగ్గించి, ఓ కుర్చీ లాక్కుని కూర్చోండి. ఈ సంగతి తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది. మధ్యలో గొంతు పెరిగితే ఏమీ అనుకోకండి. మీ ఇంట్లోగానీ, పక్కింట్లోగానీ పికప్ బండి ఉంటే మాత్రం చెవి ఇటు పడెయ్యండి.

ఆయన్ని అందరూ నిదానం అని పిలుస్తారు. కోళ్ళ షెడ్ల నుంచి కొట్లకు గుడ్లు వేసే పికప్ నడుపుతాడు. గుంత కనపడకముందే ఆయన కాలు బ్రేకు మీదికి వెళ్ళిపోతుంది. ఒక్క గుడ్డు చిట్లకుండా ట్రేలు దించాడంటే ఆ పూట ఆయన నడకే వేరు. అంత జాగ్రత్త మనిషి నడుపుతున్న బండి, వంతెన మీద పూనకం వచ్చినట్టు ఊగిపోయింది.

వంతెన మధ్యలో రెండు పలకలు కలిసే చోట చిన్న ఎత్తు ఉంది. ముందు చక్రం దాన్ని తాకడం, స్టీరింగు కుడికీ ఎడమకీ విదిలించడం మొదలుపెట్టడం ఒకేసారి జరిగాయి. విదిలింపు అంటే అలాంటిలాంటిది కాదు. పట్టుకున్న చేతుల్ని భుజాల దగ్గర ఊడబెరుకుతున్నట్టే. పక్కన కూర్చున్న భార్య తల వెళ్ళి అద్దానికి కొట్టుకుంది. వెనక ట్రేలన్నీ ఒకదాని మీద ఒకటి కూలాయి. ఆయన పళ్ళు బిగించి, బండిని నెమ్మదింపజేసి, ఓ పక్కకు ఆపేసరికి వెనక తలుపు సందుల్లోంచి పచ్చసొన ధారగా కారుతోంది.

"ఏమండీ, బతికే ఉన్నామా?" అంది భార్య, నుదురు పట్టుకుని.

"ఉన్నాం. దిగకు. బండ్లు వస్తున్నాయి," అన్నాడు.

ఇంటికొచ్చాక అసలు రభస మొదలైంది. భార్య నుదుటి మీద బొప్పి గుడ్డంత అయింది. ఆమెను మంచం మీద కూర్చోబెట్టి ఐసు అద్దుతున్నాడే గానీ, నిదానం చేతులు ఇంకా వణుకుతూనే ఉన్నాయి. గుమ్మంలో నిలబడి తమ్ముడు ఆ చేతుల్నే చూశాడు.

"అన్నయ్యా, నేనంటే కోపం తెచ్చుకుంటావు గానీ, నీ చేతులు చూసుకో. బండి వణకడం కాదు, నువ్వే వణుకుతున్నావు. బావ రెండుసార్లు కొత్త డంపర్ వేశాడు. ఇంకా బండిదే తప్పంటావేంటి?"

డంపర్ అంటే స్టీరింగు అదురును పీల్చుకునే చిన్న గొట్టం లాంటి సామాను. అది వేసిన ప్రతిసారీ కొన్నాళ్ళు బండి బుద్ధిగా ఉండేది. తర్వాత మళ్ళీ మామూలే.

"వంతెన మీద నువ్వున్నావురా?" అన్నాడు నిదానం.

"నేనుంటే ఆ గుడ్లన్నీ కొట్లకు చేరేవి." అంటూనే తమ్ముడు మేకుకున్న బండి తాళం తీసి జేబులో వేసుకున్నాడు. "రేపట్నుంచి నేను నడుపుతా. పాపను కూడా దారిలో బడి దగ్గర దింపేస్తా."

పాప తమ్ముడి కూతురు. ముందు సీట్లో కూర్చుని, "పెద్దనాన్నా, హారన్ కొట్టు" అని ప్రాణం తీసే పిల్ల. తాళం పోయినందుకు నిదానానికి మనసు చివుక్కుమంది. కానీ ఆ సీట్లో ఆ పిల్లను ఊహించుకోగానే మాత్రం అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఇవ్వు తాళం! బావ దగ్గరికి పోదాం పద. ఇవాళ అటో ఇటో తేలాలి."

భార్య కూడా మంచం దిగింది. "నేనూ వస్తా. తల పగిలింది నాది."

బావ అంటే వాళ్ళ అక్క మొగుడు. వాళ్ళ వీధి చివరనే ఆయన మరమ్మత్తు షెడ్డు. చెయ్యి మంచిదేగానీ, నోరు దానికి నాలుగింతలు. బండి షెడ్డులోకి వస్తోందో లేదో, జాకీ తెచ్చి ముందు భాగం పైకి లేపేశాడు. గాల్లో ఉన్న చక్రాన్ని రెండు చేతులా పట్టుకుని ఊపాడు. అది కదల్లేదు.

"చూశావా బామ్మర్దీ? రాయి! ఎక్కడైనా లూజుందా? బండికి బీపీ లేదు, షుగర్ లేదు. నీకే చూపించుకోవాలి."

తమ్ముడు పకపకా నవ్వాడు. టీ గ్లాసులు పట్టుకుని అప్పుడే వచ్చిన అక్క కూడా నవ్వబోయి, మరదలి నుదురు చూసి ఆగిపోయింది.

"ఎన్నిసార్లు తెచ్చినా ఇంతేగా నువ్వు చూసేది!" నిదానం అరిచాడు. ఆయన అరవగా ఆ షెడ్డులో ఎవరూ విని ఎరగరు. "జాకీ ఎక్కిస్తావు, చక్రం ఊపుతావు, రాయి అంటావు. గాల్లో ఉన్న బండికి ఏం తెలుస్తుంది బావా? నడుం నొప్పి ఉన్నవాణ్ణి మంచం మీద పడుకోబెట్టి, నొప్పుందా అనడిగితే ఏం చెప్తాడు? నిలబెట్టి, నెత్తిన బరువు పెట్టి అడుగు!"

"ఒరేయ్, నాకు పని నేర్పుతున్నావా?"

"నేర్పట్లేదు. దించమంటున్నా."

"దించను. నా షెడ్డు."

నిదానం వెళ్ళి జాకీ మర తనే తిప్పాడు. బండి నాలుగు చక్రాల మీద నేలకు దిగింది. బావ మొహం కందగడ్డ అయింది.

"నువ్వెక్కు," అన్నాడు నిదానం భార్యతో. "ఇంజను ఆన్‌లో ఉంటుంది, గేరు వెయ్యకు. చేతి బ్రేకు వేసుంది, చక్రాలకు చెక్కలు పెట్టా. స్టీరింగు కుడికి ఇంత, ఎడమకు ఇంత. ఊరికే ఊపుతూ ఉండు."

"నాకు డ్రైవింగే రాదు కదండీ."

"రానక్కర్లేదు. ఉయ్యాల ఊపినట్టు ఊపు."

ఆయన వెల్లకిలా బండి కిందికి దూరాడు. కొన్ని వారాలుగా, నిలబడిన బండిలో స్టీరింగు తిప్పినప్పుడల్లా పాదం కింద ఒక 'టక్' తెలుస్తోంది. చెప్తే ఎవరూ నమ్మలేదు. ఇప్పుడు ఒక్కో కీలు మీదా వేళ్ళు పెట్టి చూసుకుంటూ పోయాడు. చక్రాల్ని కలిపే రాడ్డు బాగుంది. బాల్ జాయింట్లు బాగున్నాయి. ఆ తర్వాత బండి ఫ్రేముకూ ముందు ఇరుసుకూ మధ్య ఏటవాలుగా ఉండే ట్రాక్ రాడ్డు మీద చెయ్యి వేశాడు. ఇరుసు పక్కకు జరగకుండా పట్టి ఉంచే రాడ్డు అది. ఇరుసు వైపు దాని బోల్టు మీద వేలు ఆనించాడు.

టక్. టక్. టక్.

వేలి కింద బోల్టు అటూ ఇటూ జరుగుతోంది.

"బావా! కిందికి రా!"

"అక్కణ్ణుంచే చెప్పు."

"రమ్మన్నానా!"

ఆ గొంతు విని బావ కిందికి దూరాడు. నిదానం ఆయన చెయ్యి పట్టుకుని, వేలు తీసుకెళ్ళి బోల్టు మీద నొక్కాడు. పైన భార్య ఉయ్యాల ఊపుతూనే ఉంది. బావ ఒకసారి టార్చి వేసి చూసి, వెంటనే ఆర్పేశాడు.

"ఎందుకార్పావు? వెయ్యి," అన్నాడు నిదానం.

ఇంజను ఆపి, బోల్టు విప్పితే సంగతి బయటపడింది. ఉండాల్సిన బోల్టు కన్నా అది సన్నది. దాని తాకిడికి, ఇరుసు మీద అది దూరే బ్రాకెట్టులో గుండ్రంగా ఉండాల్సిన రంధ్రం అరిగి అరిగి కోలగా సాగింది.

"డంపర్లు వెయ్యకముందు ఓసారి ఇంజను కింద ఆయిలు కారుతుంటే ఈ రాడ్డు విప్పింది నువ్వే కదా బావా? అసలు బోల్టేది?"

బావ గడ్డం గోక్కున్నాడు. "దొర్లిపోయింది. దొరకలా. డబ్బాలో ఉన్నదేదో చూసి... అప్పటికి సరిపోతుందిలే అనుకున్నా."

"అనుకున్నావు! ఆ బోల్టు మీద మా ఆవిణ్ణి కూర్చోబెట్టా నేను. రేపు పొద్దున్నే పాపను కూర్చోబెడతానన్నాడు వీడు. అదురుతోందని వచ్చిన ప్రతిసారీ డంపర్ వేసి దాని నోరు మూయించావు. పైగా నాకే వంక పెట్టావు!"

తమ్ముడి నవ్వు ఎప్పుడో ఆగిపోయింది. అక్క గ్లాసులు బల్ల మీద ఠక్కున పెట్టింది. "ఇంకా నిలబడ్డారేం? పని చెయ్యండి," అంది మొగుడితో.

బావ చేశాడు. కోలగా అయిన రంధ్రాన్ని గుండ్రంగా తొలిచి, ఉక్కు గొట్టం ముక్క దూర్చి వెల్డింగు పెట్టాడు. తమ్ముడు సామాన్ల కొట్టుకు పరుగెత్తి అసలు సైజు బోల్టు తెచ్చాడు. చివరి బిగింపు చక్రాలు నేల మీద ఉండగానే వేయించాడు నిదానం. ఆ తర్వాత, "ఆ డంపర్ కూడా ఊడదియ్యి," అన్నాడు.

"అది కొత్తదిరా!"

"అది లేకుండా నిలబడితేనే బాగైనట్టు. వంతెన మీదికి నువ్వే నడుపు. మా ఆవిడ కూర్చున్న సీట్లో మా అక్క కూర్చుంటుంది."

అక్క చేతులు తుడుచుకుంటూ వచ్చి సీట్లో కూర్చుంది. "ఊఁ, పదండి," అంది.

బావ స్టీరింగు దాకా వెళ్ళాడు. తలుపు మీద చెయ్యి వేశాడు. ఎక్కలేదు. వెనక్కి వచ్చి, పెద్ద పానా తీసుకుని మళ్ళీ బండి కిందికి దూరాడు. బోల్టు ఇంకోసారి బిగించిన చప్పుడు వినిపించింది. తర్వాత మరోసారి.

"అన్నయ్యగారూ," అంది నిదానం భార్య, బొప్పి తడుముకుంటూ, "నేను కూర్చున్నప్పుడు ఇన్నిసార్లు చూడలేదేం?"

బండి కింద పానా ఇంకోసారి తిరిగింది.

వంతెన మీదికి బావ మొదట మెల్లగా పోనిచ్చాడు. రెండోసారి మామూలు వేగంతో వెళ్ళాడు. అతుకు దగ్గర చక్రాలు డబ్ డబ్ మన్నాయి. బండి గీత గీసినట్టు తిన్నగా సాగిపోయింది. వెనక తొట్టిలో కూర్చున్న నిదానం కోపం మాత్రం దిగలేదు.

ఇంటి దగ్గర తమ్ముడు, బావ దగ్గర తీసుకున్న తాళం అన్నయ్య చేతికివ్వబోయాడు. నిదానం అందుకోలేదు.

"నా చేతుల గురించి గుమ్మంలో నిలబడి అన్నావు. మీ వదినను, పాపను పిలిచి, అదే గుమ్మంలో నిలబడి ఇంకోమాట చెప్పు. అప్పుడు తీసుకుంటా."

తమ్ముడు తల గోక్కున్నాడు, నేల చూశాడు, చివరికి చెప్పాడు. "అన్నయ్య చేతులకేం కాలేదు. నేనే నోరు జారా." పాప ఇదేమీ పట్టించుకోకుండా, "పెద్దనాన్నా, రేపు హారన్ కొడతావా?" అంది.

"నువ్వే కొడుదువుగాని," అని తాళం అందుకుని మేకుకు తగిలించాడు నిదానం.

అదండీ సంగతి. పికప్ నడిపే బాబాయిలో, బావలో, తమ్ముళ్ళో మీకుంటే దయచేసి ఈ కథ వాళ్ళకు పంపండి. స్టీరింగు విదిలిస్తోందని ఎవరైనా అంటే, ఆ మనిషి చేతులవైపు చూసే ముందు బండిని నేల మీద నిలబెట్టి కింద చూడమని నా మాటగా చెప్పండి. మీ మెకానిక్కుకు కూడా పంపండి. ఆయనకు కోపమొస్తే రానివ్వండి.